జిమ్మి మెడలో గుదికర్ర

పుల్లలచెరువు
3 నవంబరు 1974

సంతోషమ్మక్కకు,

ప్రభువు కృప నీ ఇంటి మీదా, ఏబేలు బావ మీదా, బావ గొర్రెల మీదా ఉండుగాక. ఇక్కడ నేను క్షేమం. మీరిచ్చిన జిమ్మి నాకంటే క్షేమం.

ముందుగా ఒక మాట. కవరు మీద కర్నూలు జిల్లా అని రాయడం మానెయ్యక్కా. మనల్ని అందులోంచి తీసేసి నాలుగేళ్లు దాటింది. కిందటిసారి నీ ఉత్తరం కర్నూలు ఊరంతా చూసి, తీరిగ్గా నా దగ్గరికి వచ్చింది. ప్రకాశం అని రాయి, అలవాటవుతుంది.

మలేరియా ఉద్యోగం బాగానే ఉంది. పొద్దున్నే సైకిలు మీద బయల్దేరి పల్లెలు తిరుగుతాను. జ్వరం వచ్చినవాళ్ల వేలు పొడిచి గాజు ముక్క మీద రక్తపు చుక్క తీసుకుంటాను, మాత్రలిస్తాను, వచ్చిన తేదీ గోడ మీద రాస్తాను. నన్ను చూస్తే పిల్లలు గంపల వెనక దాక్కుంటారు. వెనకే వచ్చే జిమ్మిని చూసి మళ్లీ బయటికి వస్తారు. అందుకని అది కూడా సర్కారు ఉద్యోగే అని నా లెక్క. ఇక్కడ నీళ్లు ఉప్పన. టీ తాగితే కషాయం గుర్తొస్తుంది.

దారి సగం అడవి అంచునే పోతుంది. జిమ్మికి అదే స్వర్గం. మొన్న దుప్పుల గుంపు కనబడితే కొండ మొదలు దాకా తరిమింది. దాని పరుగు నువ్వు చూసి ఉండాల్సింది. నిన్న వాగు దగ్గర కాశమ్మ అనే ముసలామె గొర్రెల మంద అడ్డం వచ్చింది. మన వీరుడు మంద మధ్యలోంచి దూసుకుపోయాడు. గొర్రెలు తలో దిక్కూ పట్టాయి. ఆమె చిన్న కొడవలి కట్టిన కర్ర ఎత్తి, "కుక్కను చేతిలో పెట్టుకోని నడువు సారూ. ఇది మీ బజారు గాదు" అని నన్నూ, దాన్నీ, మా ఆఫీసునూ కలిపి తిట్టింది. పొద్దుగూకేదాకా ఒక్కొక్కదాన్నీ ఏరుకుందట. నాకు నవ్వాగలేదు.

బావకు వందనాలు.

నీ తమ్ముడు
కరుణాకరం


తర్లుపాడు
12 నవంబరు 1974

తమ్ముడు కరుణాకరానికి సంతోషమ్మ దీవెనలు.

నీకు ఆరోగ్యం ఉందని తెలిసి సంతోషం, బుద్ధి లేదని తెలిసి విచారం. అమ్మ పోయాక నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని కనుక ఆ రెండోదానికి మాట నాకే వస్తుంది.

ఆ ముసలామె తిట్టిందని నవ్వుకుంటూ రాశావు. నువ్వు పరుగెత్తే గొర్రెను చూశావు, ఆమె దాని కడుపును చూసింది. ఇవి చూడి గొర్రెలు ఈనే రోజులు. కుక్క తరిమినప్పుడు ఏమీ కాదు. మళ్లీ మందలో కలుస్తుంది, మేస్తుంది. ఆ తర్వాత ఒకరోజు ఈచుకుపోతుంది, పిల్ల చచ్చి బయటపడుతుంది. ఆమెకు మగదిక్కు ఉందో లేదో, మంద తప్ప ఇంకేముందో అడిగావా? రక్తం చుక్క తీసుకోవడానికి ప్రతి గడపా ఎక్కేవాడివి, ఆ మాత్రం అడగాలి.

తప్పు జిమ్మిది కాదు. పాలు మరవకముందే దాన్ని మా మంద కుక్క దగ్గర్నుంచి సంకలో పెట్టుకుని తీసుకుపోయావు. మా దొడ్లో పెరిగి ఉంటే గొర్రె దానికి తోబుట్టువు అయ్యేది. నీ దగ్గర పెరిగింది కనుక ఆటవస్తువైంది. ఇక నుంచి మంద కనబడితే తాడు పొట్టిగా పట్టుకుని చుట్టు తిరిగి పో. దారి లేకపోతే ఆగి కేకెయ్యి, ఆమె చెయ్యి ఊపాక కదులు. తల్లికీ పిల్లకూ మధ్య మాత్రం చచ్చినా దూరకు. గొర్రెలు తాగే చెలమలో దాన్ని దింపకు. దుప్పుల జోలికి అసలే పోనివ్వకు. అడవిలో తరిమిన కుక్క అడవిని వెంటబెట్టుకుని ఇంటికొస్తుందని మా మామ అనేవాడు. ఆ మాట ఎందుకన్నాడో అప్పట్లో నేను అడగలేదు.

తాడు పట్టుకోలేనంటావని నాకు తెలుసు. అట్లయితే గుదికర్ర కట్టు. దుడుకు కుక్కకు మేం ఇక్కడ అదే చేస్తాం. మెడకు మూరెడు కర్ర వేలాడదీస్తే ఒక కొస నేలకు రాసుకుంటూ ఉంటుంది. నడవనిస్తుంది. పరుగెత్తబోతే మోకాళ్లకు తగిలి ఆపుతుంది. ఇక నువ్వు దాని వెంట ఉండే పని లేదు.

ఇక్కడ వాన లేదు. గుడి పైకప్పుకు పలకల రాయి వేయిస్తామని పాస్టరుగారు రెండేళ్లుగా చెబుతున్నారు. వాన లేదు కనుక ఆయనకు తొందర లేదు.

అక్క
సంతోషమ్మ


పుల్లలచెరువు
24 నవంబరు 1974

అక్కా,

నా మీద నీకింత చిన్నచూపు ఉందని తెలియదు. ఆదివారం బడిలో పిల్లలకు దయ గురించి పాఠం చెప్పేదానివి, నోరులేని జంతువు మెడలో కర్ర వేలాడదియ్యమని రాస్తావా? ఎక్కడో ముసలామె తిట్టిందని సొంత తమ్ముణ్ణి బుద్ధిలేనివాణ్ణి చేశావు.

ఇంతవరకూ రాసి రెండు రోజులు పక్కన పెట్టాను. ఇప్పుడు కోపం లేదు. చింపేద్దామనుకున్నాను కానీ నువ్వు చదవాలి, నేనెట్లాంటివాణ్ణో తెలియాలి.

మొన్న పొద్దున కాశమ్మ నా గది ముందుకు వచ్చింది. తిట్టడానికే అనుకుని చొక్కా వేసుకుని సిద్ధంగా బయటికి వచ్చాను. ఆమె కొంగులోంచి చచ్చిన గొర్రెపిల్లలను రెండింటిని తీసి గడప దగ్గర పెట్టింది. వాటికింకా బొచ్చు కూడా రాలేదు. జిమ్మి వాసన చూడబోతే కాలితో పక్కకు నెట్టింది కానీ కొట్టలేదు. "లోతుగా పూడ్చు సారూ. దీన్ని తిననియ్యబాక. రుచి మరిగితే ఇంక మానదు" అని వెళ్లిపోయింది. నువ్వడగమన్నది ఊళ్లో అడిగాను. భర్త లేడు, పిల్లల్లేరు. ఆ మందే ఆమె తిండి.

అప్పటినుంచి ఊళ్లో ఎవరూ నన్ను తిట్టడం లేదు. వేలు చాపుతారు, పొడిపించుకుంటారు, లోపలికి పోతారు. ఇదివరకు టీ తాగి పొమ్మనేవాళ్లు. తిట్టినా బాగుండేది.

తాడు కట్టి చూశాను. సైకిలు, సంచి, తాడు, మధ్యలో నేను. పెద్ద వాగు మలుపులో అది కుందేలును చూసింది, నేను నేలను చూశాను. గాజు ముక్కలు సగం పగిలిపోయాయి. పై అధికారికి సంజాయిషీ రాసుకున్నాను. అందుకని సిగ్గు విడిచి అడుగుతున్నాను, ఆ గుదికర్ర బావనే చెక్కి పంపమను. నాకు బరువూ కొలతా తెలియవు.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం వాగు చెలమ దగ్గర జిమ్మి నీళ్లు తాగలేదు. వీపు మీద బొచ్చు లేచి నిలబడింది. మొరగలేదు. నా కాళ్లలో దూరి, నన్ను నడవనివ్వకుండా ఊరిదాకా వచ్చింది. ఫారెస్టు గార్డుకు చెబితే, "దుమ్ములగొండి అయ్యుంటదిలే సారూ" అని బీడీ వెలిగించుకున్నాడు.

నీ తమ్ముడు
కరుణాకరం


తర్లుపాడు
2 డిసెంబరు 1974

నాయనా కరుణాకరం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి సగానికి నవ్వాను, రెండో సగానికి ఏడ్చాను. ఆ గొర్రెపిల్లలను లోతుగానే పూడ్చావు కదా.

కర్ర పంపుతున్నాను. మార్కాపురం బస్సు కండక్టరుకు ఇచ్చాను, మీ ఊరి టీ దుకాణంలో పెడతాడు. తుమ్మకర్ర, బావ రాత్రి కూర్చుని చెక్కాడు. మెడ ఒరుసుకుపోకుండా తోలుపట్టీ కూడా కుట్టాడు. కర్రను కట్టే తాడు నారతాడు, కుక్క కొరికినా తెగదు. చెక్కుతున్నంతసేపూ ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ఆయనకు ప్రతిదానికీ గొణుగుడే, నువ్వు పట్టించుకోకు. నేను చెప్పినట్టు కట్టు చాలు.

కాశమ్మకు ఏదైనా చేసిపెట్టు. పనేదైనా. మాటలతో కడుపు చల్లబడదు.

క్రిస్మస్‌కు తప్పకుండా రావాలి. గిద్దలూరులో రైల్వే వాళ్లమ్మాయి ఉంది, టీచరు ట్రైనింగు అయింది. పిల్ల మాట నెమ్మది. చర్చిలో చూపిస్తాను. జిమ్మిని కూడా తీసుకురా, వాళ్లమ్మ ఇంకా బతికే ఉంది. ముసలిదైపోయింది, గొర్రెలతోపాటే పడుకుంటోంది.

జిల్లా పేరు ఈసారి సరిగ్గానే రాశాను, చూసుకో.

అక్క
సంతోషమ్మ


పుల్లలచెరువు
15 డిసెంబరు 1974

అక్కకు, నీ మాట విని బాగుపడిన తమ్ముడి వందనాలు.

గుదికర్ర అద్భుతంగా పనిచేస్తోంది. మొదటిరోజు జిమ్మి నా వైపు చూసిన చూపుకు అన్నం దిగలేదు. రెండోరోజుకు అలవాటు పడింది. ఇప్పుడు మంద పక్కనుంచి పోయినా తలొంచుకుని నడుస్తుంది. నేను సైకిలెక్కి ముందు పోతాను, అది దాని తీరిక మీద వెనక వస్తుంది. రాళ్ల మీద కర్ర టకటకలాడుతూ వినబడుతుంటే వస్తోందిలే అనుకుంటాను. ఒక్కోరోజు నేను గది చేరి అన్నం వండుకున్నాక, పొద్దుగూకాక వస్తుంది. తాడు బాధ పోయింది.

నువ్వన్నట్టు కాశమ్మ దొడ్డికి ముళ్లకంప కొట్టి ఇచ్చాను. రెండు ఆదివారాలు పట్టింది, చేతులు చీరుకుపోయాయి. ఆమె చూసి, "సర్కారు చేతులు, మెత్తగుండాయి" అని ముళ్లు తీసింది. జిమ్మికి జొన్నరొట్టె ముక్క కూడా వేసింది. ఇప్పుడు ఊళ్లో నాకు టీ వస్తోంది.

కానీ ఆమెకు తృప్తి లేదక్కా. నిన్న కర్ర చేత్తో ఎత్తి చూసి, "ఏంది సారూ ఇది? మందలో ఉన్నంతసేపు కట్టు, బాగుంది. ఇట్ల కట్టి దీన్ని ఒంటిగా ఇడిసిపెట్టబాక. పారిపోను దీనికి కాళ్లు లేకుండా చేసినావు" అంది. కట్టకపోతే తిట్టింది, కడితే తప్పు పడుతోంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ముసలితనం అనుకుని ఊరుకున్నాను.

నాలుగైదు రోజులుగా సాయంత్రం కాగానే వాగు పైన గుండ్ల మీద కొండముచ్చులు ఒకటే అరుపు. జిమ్మి గది బయట కొండవైపు తిరిగి కూర్చుంటుంది. పిలిస్తే తోక ఊపుతుంది కానీ తల తిప్పదు.

బావను ఒకటి అడుగు. ఈ రోజు పొద్దున దారిలో దుమ్ము మీద జిమ్మి కర్ర గీసిన గీత కనబడింది, నిన్న సాయంత్రం అది వచ్చిన దారి. ఆ గీత మీదుగా గుండ్రటి అడుగులున్నాయి. గోళ్ల గుర్తులు లేవు, పిల్లి అడుగుల్లాగే ఉన్నాయి, కానీ నా అరచేయంత ఉన్నాయి. గీత ఎటు తిరిగితే అవీ అటే తిరిగాయి. మా గది వెనక రాళ్లదాకా వచ్చి ఆగిపోయాయి. ఏ జంతువో బావకు తెలిసి ఉంటుంది. నాకు తమాషాగా అనిపించింది.

ఇరవైమూడో తేదీ బస్సుకు వస్తాను. చొక్కా కుట్టించుకున్నాను. ఆ సంగతి గిద్దలూరుకు చెప్పనక్కర్లేదు.

నీ తమ్ముడు
కరుణాకరం


తర్లుపాడు
19 డిసెంబరు 1974, గురువారం

కరుణాకరం,

ఇది చేతికందిన చోటే, ఉన్నపళాన గుదికర్ర విప్పెయ్. మిగతా ఉత్తరం తర్వాత చదువు.

పోస్టును నమ్మలేదు, కర్నూలు అని రాసినా రాయకపోయినా. రేపటి మొదటి బస్సు డ్రైవరుకు ఇస్తున్నాను. ఎల్లుండి పొద్దున బావ బయల్దేరతాడు. రేపే రావాలని తయారయ్యాడు కానీ మందను అప్పగించడానికి ఎవరూ దొరకలేదు.

అవి చిరుత అడుగులు. నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే ఆ గీత దగ్గరికి వచ్చేసరికి బావ లేచి నిలబడ్డాడు. దానికి మంద మీద కంటే కుక్క మీద ఆశ ఎక్కువట. అది రోజూ జిమ్మి వెనకే నడుస్తోంది. జిమ్మి పరుగెత్తలేదని దానికి అర్థమైంది.

బావ ఆ రోజు గొణిగిందేమిటో నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. "గుదికర్ర మన బీళ్లలో పనికొస్తదే. అడివి కాడ కుక్కకుండే బలం కాళ్లొక్కటే. అవి కూడా కట్టేస్తే తాడు కొస మనిషి చేతిలో ఉండాల. లేదంటే చిరుతకు మనమే ఎర కట్టినట్ల" అన్నాడు. ఆ మాట రాస్తే దాన్ని సాకు చేసుకుని నువ్వు కర్ర కట్టవని, ఆ ముసలామె గొర్రెలు ఇంకా చస్తాయని దాచాను. ఇక్కడి చుట్టూ చెట్టు లేని బీడు చూసి, అక్కడి అడవికి సలహా చెప్పాను.

కాశమ్మ చెప్పింది నిజం. ఆమెకు చెప్పు, దొడ్డి కంప ఇంకా ఎత్తుగా వేసుకోమను, పొద్దుండగానే మందను కట్టుకోమను. కుక్క అరిచినా, గొర్రె అరిచినా ఒంటరిగా బయటికి రావద్దని చెప్పు. వేటాడేటప్పుడు అడ్డం పోతే అది మనిషని చూడదట. జిమ్మిని గదిలో పెట్టి తలుపేసుకో. నువ్వూ పొద్దుగూకాక కదలకు.

కర్ర విప్పావని ఒక కార్డు ముక్క రాయి.

సంతోషమ్మ


పుల్లలచెరువు
20 డిసెంబరు 1974, రాత్రి

అక్కా,

భయపడకు. అంతా బాగుంది. నీ ఉత్తరం టీ దుకాణంలో ఇందాక అందింది. నిలబడే చదివాను. అప్పటికి జిమ్మి ఇంకా రాలేదు, వాగు అవతల వెనకబడింది. ఊరి చివరిదాకా పరుగెత్తి పేరు పెట్టి పిలిచాను. దేవుడు విన్నాడు. కాసేపటికి చీకట్లోంచి అదే పరుగెత్తుకుంటూ వచ్చింది. నిజంగా పరుగే. మెడలో కర్ర లేదు.

పట్టీకి మిగిలిన తాడు కొరికితే తెగింది కాదు, కొడవలితో కోసినట్టు నున్నగా ఉంది. నువ్వు విప్పమన్నావు, ఎవరో విప్పేశారు. ఇది కాశమ్మ పనే అయి ఉంటుంది. నాతో ఒక మాట అని కోయొచ్చు కదా, బావ కష్టపడి చెక్కిన కర్ర. రేపు పొద్దున వెళ్లి అడుగుతాను, నీ జాగ్రత్తలూ అప్పుడే చెబుతాను. ఈ వేళకు దొడ్డి మూసుకుని పడుకుని ఉంటుంది.

జిమ్మి వణుకుతోంది. భుజం మీద రక్తం ఉంది కానీ ఎంత వెతికినా గాయం కనబడలేదు. అన్నం ముట్టలేదు. బయటికి పోవాలని తలుపు ఒకటే గీకుతోంది. నీ మాట ప్రకారం గడియ పెట్టాను. మాట వినకపోతే ఒక దెబ్బ కూడా వేశాను. ఇప్పుడు తలుపు కింద ముక్కు పెట్టి మూలుగుతోంది.

ఈ రాత్రికి నువ్వు నిశ్చింతగా పడుకో. కార్డు పొద్దున బస్సుకు ఇస్తాను.

కరుణాకరం


పుల్లలచెరువు
24 డిసెంబరు 1974

అక్కా,

బావ కబురు పంపాడు కనుక కాశమ్మ సంగతి నీకు తెలిసే ఉంటుంది. అయినా నేను రాయాలి.

శనివారం పొద్దున బస్సు దిగగానే బావ గదికి కూడా రాకుండా వాగువైపు నడిచాడు. నేను జిమ్మిని తాడుతో పట్టుకుని వెనక వెళ్లాను. మేం లాగక్కర్లేదు, అదే మమ్మల్ని లాక్కుపోయింది. గుదికర్ర రెండు బండల మధ్య ఇరుక్కుని ఉంది, కోసిన తాడు ముక్క దానికే ఉంది. దాని పక్కన ఆమె కొడవలి కర్ర. ఆమె అక్కడ లేదు. ఊరివైపు కొంతదూరం పాకి, దారి పక్కన పడి ఉంది.

ఆమె దొడ్డి మూసే ఉంది. గొర్రెలన్నీ లోపలే ఉన్నాయి. పొద్దుండగానే మందను కట్టుకుంది. వాగులో జిమ్మి అరుపు విని బయటికి వచ్చింది. అది పారిపోలేదని ఊళ్లో తెలిసినది ఆమె ఒక్కతే. తాడు కోసేదాకా చిరుతను ఎట్లా ఆపిందో తెలియదు. జిమ్మి భుజం మీద రక్తం ఆమెది.

తెల్లవారుజాము దాకా ప్రాణం ఉండి ఉంటుందని కంపౌండరు అన్నాడు. ఎవరినీ పిలవలేదా అని అడిగారు ఊళ్లోవాళ్లు. పిలిచే ఉంటుందక్కా. పిలుపు విన్నది మా ఇద్దరిలో ఒకటే. తలుపు గీకింది. నేను కొట్టాను.

నువ్వు కర్ర పంపానని ఏడవకు. పంపింది నువ్వు. దాన్ని ఒంటరిగా వదిలింది నేను. చెప్పినా వినలేదు.

చిరుత ఇంకా ఇక్కడే ఉంది. రాత్రుళ్లు కొండముచ్చులు అరుస్తూనే ఉన్నాయి. మూడు గొర్రెలు ఈనాయి, వాటిని ఇప్పుడే తర్లుపాడుకు నడిపించడానికి లేదని బావ ఆమె దొడ్లోనే ఉన్నాడు. పొద్దుండగానే మందను దొడ్డికి తోలుకొస్తాడు. నేను జిమ్మిని చేతిలో పెట్టుకుని చుట్టు తిరిగి, మంద బెదరనంత దూరంలో నడుస్తాను. వాగు మలుపు దగ్గర అది ఆగిపోయి ఆ దారివైపు చూస్తుంది. తాడు లాగను. అది కదిలేదాకా నేనూ అక్కడే నిలబడతాను.

పండక్కి రాలేను. గిద్దలూరు వాళ్లకు ఏదో ఒకటి చెప్పు.

కరుణాకరం